విరిగితే మాది, అరిగితే మీది

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక కొండ. కొండ మీదికి మెలికలు మెలికలుగా ఒక ఘాట్ రోడ్డు. ఆ రోడ్డు మీద రోజూ పైకీ కిందికీ తిరిగే ఒక కారు.

"అడవిలో కారేమిటి?" అని అప్పుడే నోళ్ళు తెరిచారా? జంతువులు మాట్లాడితే ఏమీ అనరు గాని, కారు నడిపితే తప్పొచ్చిందా? కథ వినాలనుకున్నవాళ్ళు కారెక్కండి. లేనివాళ్ళు వెనకాల నడిచి రండి.

ఆ కారు భల్లయ్యది. భల్లయ్య ఒక ఎలుగుబంటి. ఒళ్ళంతా నలుపు, మనసు మాత్రం తెలుపు. కొండ కింద, వాగు ఒడ్డున ఉంటాడు. భార్య పేరు పుట్టమ్మ. కింది అడవిలో ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి పురుటి నొప్పులు వచ్చినా కొండ మీదికి పోవాల్సిందే. ఎందుకంటే మంత్రసాని మనుబోతమ్మ ఉండేది కొండ మీదే. మందులు తెలిసింది కూడా ఆవిడకొక్కదానికే. అందుకని కష్టం వచ్చినవాళ్ళు ముందు భల్లయ్య ఇంటి ముందు నిలబడి అరిచేవాళ్ళు.

"భల్లయ్య మామా! బండి తియ్యి!"

భల్లయ్య నోట్లో ముద్ద ఉంటే ముద్దతోనే లేచేవాడు. కిరాయిగా తేనె ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకునేవాడు. లేనివాళ్ళ దగ్గర "తర్వాత చూద్దాంలే" అనేవాడు. ఆ తర్వాత ఎప్పుడూ వచ్చేది కాదు, అది వేరే సంగతి.

ఇంత మంచివాడికి ఒక దిగులుండేది. అది చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. కాస్త కష్టమైన మాటే, అయినా వినండి.

భల్లయ్యకి ఇదివరకు ఇంకో కారుండేది. బాగా పాతది. ఒక వానాకాలం చుక్కమ్మ అనే దుప్పికి తొలిచూలు నొప్పులొచ్చాయి. భల్లయ్య ఆవిణ్ణి ఎక్కించుకుని బయల్దేరాడు. కొండ సగం ఎక్కాక, పెద్ద మలుపు దగ్గర కారు ఆగిపోయింది. భల్లయ్య తాళం తిప్పాడు. తోశాడు. బతిమాలాడు. మళ్ళీ తాళం తిప్పాడు. ఇదుగో కదులుతుంది, అదుగో కదులుతుంది అనుకుంటూ బండి చుట్టూనే తిరిగాడు. బండి కదల్లేదు. చుక్కమ్మ ఆ వానలోనే, ఆ రోడ్డు పక్కనే బిడ్డను కన్నది. ఆ పసికూన కళ్ళు తెరవలేదు.

చుక్కమ్మ భల్లయ్యను ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే బాగుండేదని భల్లయ్య చాలాసార్లు అనుకున్నాడు.

ఆ కారును పాత ఇనుముకు ఇచ్చేశాడు. ఉన్న తేనంతా ఊడ్చి కొత్త కారు కొన్నాడు. అప్పటినుంచి అతనికో అలవాటు పట్టుకుంది. పొద్దున్నే వేపపుల్ల నోట్లో వేసుకుని కారు చుట్టూ తిరిగేవాడు. నేల మీద నూనె చుక్కలు పడ్డాయేమోనని వంగి చూసేవాడు. బానెట్ ఎత్తి చెవి పెట్టి వినేవాడు. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కి చూసేవాడు. ఫ్యాన్ బెల్టంటే తెలుసుగా? ఇంజిను వేడెక్కకుండా ఫ్యాన్‌ని తిప్పే నల్లటి పట్టీ. అది తెగిందా, ఇంజిను సలసల కాగిపోతుంది. వేపపుల్ల నమలడం అయ్యేలోపు భల్లయ్య చూడడం కూడా అయ్యేది.

వానలకు ముందు ఇంకో పని చేసేవాడు. అటక మీద దాచిన తేనె దించి, అరిగిన సామాన్లన్నీ మార్పించేవాడు. బ్రేకులు, బెల్టు, అద్దం తుడిచే పుల్లలు, ఏవి అరిగితే అవి. పుట్టమ్మ ఆ తేనె జోలికి వెళ్ళేది కాదు. "అది బండి తిండి" అనేది.

ఇలా ఉండగా, ఒక ఎండాకాలం సాయంత్రం చుక్కమ్మ వాళ్ళింటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"మామా, నేను మళ్ళీ నీళ్ళోసుకున్నాను" అంది.

పుట్టమ్మ పరుగెత్తుకొచ్చి ఆవిడ మెడ నిమిరింది. భల్లయ్య కళ్ళు మాత్రం బయటున్న కారు వైపు పోయాయి.

"వానలు పడే వేళకు పురుడొస్తుందట. మనుబోతమ్మ చెప్పింది" అంది చుక్కమ్మ. "ఈసారి కూడా నువ్వే తీసుకెళ్ళాలి మామా. ఇంకెవరి బండీ ఎక్కను."

"అలాగే తల్లీ" అన్నాడు భల్లయ్య. అనడమైతే అన్నాడు గాని, ఆ రోజు నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. కళ్ళు మూస్తే పెద్ద మలుపు, ఆగిపోయిన బండి.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోరింక వచ్చింది.

గోరింక పేరు పలుకులమ్మ. అడవి అంచున ఏనుగుగారి కార్ల షోరూములో పని. ఆవిడ మాట తేనెలో ముంచి తీసినట్టుండేది. అలాగని అబద్ధాలకోరు మాత్రం కాదు. గూట్లో పిల్లలున్నాయి. రోజూ నలుగురిని ఒప్పిస్తేనే వాటి నోట్లో నాలుగు పురుగులు పడతాయి. పాపం, రెక్కలు నొప్పెట్టేదాకా ఇల్లిల్లూ తిరిగేది.

"బాబాయిగారూ! మీ కారుకు కంపెనీ ఇచ్చిన హామీ ఈ నెలతో అయిపోతోంది. తర్వాత ఏమైనా అయితే మీదే భారం. అందుకే మా అయ్యగారు అభయం ప్లాను పెట్టారు" అంది పలుకులమ్మ, కారు అద్దం మీద వాలి.

"అభయమంటే?"

"ఇంకో మూడు వానాకాలాల దాకా హామీ పొడిగిస్తాం. ఏడాదికి రెండుసార్లు సర్వీసింగ్ కూడా మేమే చేస్తాం. దారిలో ఎక్కడ ఆగినా ఒక్క కేక వేయండి, వచ్చి వాలతాను. మీరు హాయిగా కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. మా పాట వినండి." తల ఎగరేసి గడగడా పాడేసింది.

"విరిగితే మాది, అరిగితే మీది,
తిరుగుడు మీది, తిప్పలు మావి!"

పాట భలే ఉంది. భల్లయ్య తల ఊపాడు. కాని పిల్లలూ, భయపడిన చెవి ఒక చిత్రమైన చెవి. తనకు కావలసిన ముక్కే దానికి వినపడుతుంది. భల్లయ్య చెవిలో "విరిగితే మాది" పడింది. "తిప్పలు మావి" పడింది. మధ్యలో మాట చెవి పక్కనుంచి జారిపోయింది.

"ఎంత?" అని అడిగాడు.

పలుకులమ్మ చెప్పింది. అటక మీదున్న తేనెకు సరిగ్గా సరిపోతుంది.

"రేపు చెప్తానమ్మా" అన్నాడు భల్లయ్య.

ఆలోచించి ఆలోచించి తల వేడెక్కింది. పదిమందిని అడిగితే మంచిదని బయల్దేరాడు. పదిమంది దొరకలేదు, ముగ్గురు దొరికారు.

ముందు తాబేలు తాతయ్య దగ్గరికి వెళ్ళాడు. తాతయ్య తన బుల్లి కారులో కూర్చుని ఎండ కాగుతున్నాడు.

"దండగరా అబ్బాయ్!" అన్నాడు తాతయ్య. "నా బండి ఇంటి నుంచి మడుగు దాకా వెళ్తుంది, మడుగు నుంచి ఇంటి దాకా వస్తుంది. అది పాడయ్యేది ఎప్పుడు, నేను హామీ వాడుకునేది ఎప్పుడు? ఆ తేనేదో తాగెయ్."

తర్వాత కుందేలు దగ్గరికి వెళ్ళాడు. కుందేలు కారును గుంటల మీంచి దూకించుకుంటూ వచ్చి, దుమ్ము రేపి ఆపింది.

"కొనెయ్ మామా, కళ్ళు మూసుకుని కొనెయ్! పోయినేడు నా గేరుబాక్సు విరిగింది. కిక్కురుమనకుండా కొత్తది వేశారు. నేనిచ్చినదానికి రెట్టింపు రాబట్టుకున్నాను. అసలు ఆ ప్లాను నా కోసమే పెట్టారేమో!" అంది.

ఆఖరికి కాకి దగ్గరికి వెళ్ళాడు. ప్లాను పేరెత్తగానే కాకి మండిపడింది.

"వాళ్ళ ఊసెత్తకు! ఒక్కసారి సర్వీసింగ్‌కి ఆలస్యంగా వెళ్ళానని మొత్తం హామీ చెల్లదు పొమ్మన్నారు. తేనె తీసుకునేటప్పుడు బాబాయిగారూ, పని పడితే నువ్వెవరూ! మోసం, దగా!"

భల్లయ్య ఇంటికి వచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఒకరు దండగన్నారు, ఒకరు పండగన్నారు, ఒకరు దగా అన్నారు. చిత్రమేమిటంటే ముగ్గురు చెప్పిందీ నిజమే. తాబేలు తన బండి గురించి చెప్పాడు. కుందేలు తన బండి గురించి చెప్పింది. కాకి తన కోపం గురించి చెప్పింది. భల్లయ్య బండి గురించి ఒక్కరూ చెప్పలేదు. వాళ్ళని అనడమెందుకు? తన మనసులో ఏముందో భల్లయ్య ఎవరికీ చెప్పలేదుగా.

రాగిజావ గిన్నె ముందు పెడుతూ పుట్టమ్మ ఒక్క ప్రశ్న వేసింది.

"ఏమయ్యా, నీ భయం దేనికి? బండి పాడవుతుందనా, దారిలో ఆగిపోతుందనా?"

"రెండూ ఒకటే కదటే!" అని విసుక్కున్నాడు భల్లయ్య.

"ఒకటేనా?" అంది పుట్టమ్మ. "ఏమో, నాకు ఒకటిలా అనిపించట్లేదు. ఆ గోరింకను ఇంకోసారి నిదానంగా అడిగి చూడు."

"అడిగిందే ఎన్నిసార్లు అడుగుతాను? నవ్విపోతుంది. పాట కూడా పాడింది."

పుట్టమ్మ మొగుడి నిద్ర లేని కళ్ళు చూసి జాలిపడింది. పోనీలే, తేనె పోతే పోయింది, నిద్రన్నా పడుతుందేమో అనుకుంది. ప్రేమ ఉన్నచోట ఇలాంటి లెక్కలే వేస్తారు మరి.

మర్నాడు భల్లయ్య అటక మీది తేనంతా దించి పలుకులమ్మకు ఇచ్చేశాడు. పలుకులమ్మ తళతళలాడే ఒక అట్టముక్క చేతిలో పెట్టింది. దాని మీద 'అభయం' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మీరైతే దాన్ని ఏం చేస్తారు? బీరువాలో దాచుకుంటారు. భల్లయ్య దానికి పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు. అగరొత్తి వెలిగించి, దిష్టి కోసం కట్టిన నిమ్మకాయకూ మిరపకాయలకూ మధ్యన ఎర్రదారంతో కారు ముందు కట్టేశాడు. హామీ అట్ట కాస్తా తాయెత్తయి కూర్చుంది.

ఆ పూట భల్లయ్య గురకకు వాగులో కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. ఎన్నాళ్ళకు నిద్రపోయాడో!

మర్నాడు పొద్దున వేపపుల్ల నోట్లో వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. కారు వైపు చూశాడు. తాయెత్తు గాలికి ఊగుతోంది. "ఉందిగా" అనుకున్నాడు. లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. మెల్లగా ఆ అలవాటు పోయింది. చెడ్డ అలవాటు పొమ్మన్నా పోదు. మంచి అలవాటుకు మాత్రం పౌరుషం ఎక్కువ, ఒక్క రోజు పలకరించకపోతే వెళ్ళిపోతుంది.

ఎండలు ముదిరాక సర్వీసింగ్‌కని పిలుపొచ్చింది. కాకి చెప్పిన మాట గుర్తుండి భల్లయ్య ఆలస్యం చేయకుండా వెళ్ళాడు. షోరూములో కొండముచ్చులు కారు కడిగాయి, నూనె మార్చాయి, బానెట్ ఎత్తి చూశాయి.

"ఫ్యాన్ బెల్టు అరిగిందయ్యా. అంచుల్లో బీటలు కూడా వచ్చాయి. వానలకు ముందే మార్పించుకోవాలి" అంది పెద్ద కొండముచ్చు.

"మార్చండి మరి. అభయం ఉందిగా" అన్నాడు భల్లయ్య.

పలుకులమ్మ వచ్చి వాలింది. ముఖం కాస్త చిన్నబోయింది.

"బాబాయిగారూ, అది అరిగింది కదా. అరిగింది మీదే. విరిగితేనే మాది."

"ఆ ముక్క ఎప్పుడు చెప్పావు?"

"పాటలోనే చెప్పాను బాబాయిగారూ. విరిగితే మాది, అరిగితే మీది."

భల్లయ్యకు చెవిలోంచి జారిపోయిన మాట అప్పుడు వినపడింది. బెల్టుకు కావలసిన తేనె పెద్దదేం కాదు. కాని అటక ఖాళీ. ఉన్నదంతా ఈ గోరింక చేతిలోనే పోశాడు. ఇంటికెళ్ళి పుట్టమ్మతో ఏమని చెప్పాలి? ఇంకోసారి నిదానంగా అడగమన్న మనిషితో ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

అప్పుడతని బుర్రలో ఒక తెలివి పుట్టింది. తెలివని అతననుకున్నాడు లెండి.

"అరిగితే నాది. విరిగితే మీది. అంతేగా?"

"అంతే బాబాయిగారూ."

"అయితే అరిగినదాన్ని నేనెందుకు మార్చాలి? ఉండనీ. పూర్తిగా పోయాక మీరే కొత్తది వేద్దురుగాని" అని కారెక్కి వెళ్ళిపోయాడు. దారిపొడుగునా మీసం మెలేసినంత పని చేశాడు. గోరింకకు దాని పాటతోనే బుద్ధి చెప్పాననుకున్నాడు.

చూశారా పిల్లలూ? ఒకప్పుడు బెల్టు ఎక్కడ తెగుతుందోనని రోజూ వేలు పెట్టి చూసినవాడు, ఇప్పుడు అదెప్పుడు తెగుతుందా అని ఎదురు చూస్తున్నాడు. అతను చెడ్డవాడు కాదు. చేతిలో తేనె లేక, ఇంట్లో చెప్పే ధైర్యం లేక, ఆ రెంటినీ తెలివితో కప్పుకున్నాడు. మనం మాత్రం కప్పుకోమా?

కారు పొద్దున్నే కీచుమనడం మొదలుపెట్టింది. బెల్టు జారుతోందన్న మాట. పుట్టమ్మ ఒకటి రెండుసార్లు అడిగింది. "అదేమిటయ్యా ఆ కీచు?" భల్లయ్య "ఏదో పిచ్చుకలే" అని దాటేశాడు.

వానలు వచ్చాయి. వచ్చీ రాగానే వాగు పొంగింది. ఒక మధ్యాహ్నం, ధార కట్టి కురుస్తున్న వానలో చుక్కమ్మ తడుస్తూ వచ్చింది. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మామా, నొప్పులు మొదలయ్యాయి. బండి తియ్యి" అంది.

పుట్టమ్మ దుప్పటి కప్పి చుక్కమ్మను వెనక సీటులో పడుకోబెట్టింది. తనూ పక్కన ఎక్కింది. భల్లయ్య తాళం తిప్పాడు. కారు కీచుమని లేచింది. భల్లయ్య కళ్ళు తాయెత్తు మీద పడ్డాయి. మొదటిసారి అతనికి ఆ అట్టముక్క అట్టముక్కలాగే కనిపించింది.

"నెమ్మదిగా పోనీ మామా, నాకేం భయం లేదు" అంది చుక్కమ్మ వెనకనుంచి. ఆ మాటకు భల్లయ్యకు చెమటలు పట్టాయి.

కొండ ఎక్కడం మొదలైంది. ఒక మలుపు దాటింది. రెండోది దాటింది. పెద్ద మలుపు దగ్గర ఠప్పున ఒక చప్పుడు. కీచు ఆగిపోయింది. బానెట్ కిందనుంచి బుసబుసమని ఆవిరి లేచింది. ఇంజిను ఒక్కసారి గుక్కపట్టి, ఆగింది.

అదే చోటు. అదే వాన.

భల్లయ్య దిగి బానెట్ ఎత్తాడు. బెల్టు రెండు ముక్కలై వేలాడుతోంది. రెండు చేతులూ నోటికి పెట్టి అడవి అదిరేలా అరిచాడు.

"పలుకులమ్మా! పలుకులమ్మా!"

ఎక్కడ ఆగినా ఒక్క కేక వేయమని చెప్పింది కదా. పాపం, మాట తప్పలేదు. తడిసి ముద్దయిన రెక్కలతో వచ్చి వాలింది.

"తెగిపోయింది! అరగడం కాదు, తెగిపోయింది! ఇప్పుడు మీదేగా? బాగుచెయ్యి!" అన్నాడు భల్లయ్య.

పలుకులమ్మ బెల్టును చూసింది. వెనక సీటులో చుక్కమ్మను చూసింది. 

"బాబాయిగారూ, ఇది అరిగి తెగింది. మా వాళ్ళు ఒప్పుకోరు. ఒకవేళ ఒప్పుకున్నా, బండ్లు లాగే కూలి ఏనుగు రేపు పొద్దున గాని రాడు."

"రేపా? నాకిప్పుడు కావాలి! ఈ బండి దారిలో ఆగకూడదనే కదా ఉన్నదంతా నీకు పోశాను!"

"ఆగిన బండిని బాగుచేస్తామన్నాం బాబాయిగారూ. ఆగకుండా చూస్తామని ఎప్పుడూ అనలేదు."

భల్లయ్యకు అప్పుడు తెలిసింది. బండి పాడవడం వేరు. దారిలో ఆగడం వేరు. పాడైన బండిని రేపైనా బాగుచేయవచ్చు. దారిలో పోయిన వేళను ఎవరు బాగుచేస్తారు? పుట్టమ్మ అడిగింది ఇదే. రెండూ ఒకటే అని తను విసుక్కున్నది కూడా దీనికే. బెల్టు అరిగిందని తెలిసీ, తెగేదాకా ఆగింది తనే. ఆ మాట మనసులో అనుకునేసరికి అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. వానలో ఎవరికీ కనపడకుండా ఏడ్చేశాడు.

వెనకనుంచి చుక్కమ్మ మూలిగింది.

ఆ మూలుగుతో భల్లయ్యలో ఏదో కదిలింది. పోయినసారి ఇలాంటప్పుడే తను ఏం చేశాడు? తాళం తిప్పుతూ, తోస్తూ, బండి చుట్టూనే తిరిగాడు. బండిని కదిలిద్దామని చూశాడే గాని, బండిని వదిలేద్దామని అనుకోలేదు.

తలుపు తీశాడు.

"పుట్టమ్మా, చుక్కమ్మను నా వీపు మీదికి ఎక్కించు. దుప్పటితో గట్టిగా కట్టు."

"బండి?"

"బండి గోల ఇప్పుడెందుకే!"

చుక్కమ్మను వీపున కట్టుకుని భల్లయ్య రోడ్డు వదిలి అడ్డదారి పట్టాడు. నాలుగు కాళ్ళతో, గోళ్ళు బురదలో దిగేసి ఎక్కసాగాడు. పుట్టమ్మ వెనకనుంచి తోస్తూ వచ్చింది. రాళ్ళు జారుతున్నాయి, వాన కళ్ళలో కొడుతోంది.  పలుకులమ్మ కారు మీద రెక్కలు విదిలించింది.

"నేను ముందెళ్ళి మనుబోతమ్మకు చెప్తాను. వేణ్ణీళ్ళు పెట్టమంటాను" అంది.

"అది కూడా ప్లానులో ఉందా?" అంది పుట్టమ్మ రొప్పుతూ. ఆ కష్టంలో కూడా ఆవిడకు ఒక చురక దొరికింది.

"లేదు పిన్నీ. నాకూ పిల్లలున్నాయి" అని గోరింక ఆ వానలో ఎగిరిపోయింది.

భల్లయ్య ఎక్కాడు. మోకాళ్ళు చీరుకుపోయాయి. రెండుసార్లు జారాడు. జారినా వీపు మీది బరువును కింద తగలనివ్వలేదు. చుక్కమ్మ పళ్ళు బిగపట్టి అతని మెడ పట్టుకుంది. కొండ మీదికి చేరేసరికి మనుబోతమ్మ గడప దాటి ఎదురొచ్చింది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. గోరింక పొయ్యి పక్కనే ముడుచుకుని రెక్కలు ఆరబెట్టుకుంటోంది. చుక్కమ్మను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు.

భల్లయ్య చూరు కింద కూర్చున్నాడు. లోపల ఏ చప్పుడు వినపడినా ఉలిక్కిపడ్డాడు. వాన కాస్త తెరిపి ఇచ్చింది. అప్పుడు లోపలినుంచి వినపడింది. సన్నటి, కోపంగా ఉన్న, బతికున్న ఏడుపు.

తలుపు తీశారు. దుప్పి పిల్ల తడితడిగా, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పెట్టి నిలబడాలని చూస్తోంది. పడుతోంది, లేస్తోంది. కళ్ళు మాత్రం ఇంత పెద్దవిగా తెరిచి అందరినీ చూస్తోంది. భల్లయ్య ఆ కళ్ళనే చూస్తూ బావురుమన్నాడు.

"నన్ను క్షమించు తల్లీ. బెల్టు అరిగిందని నాకు ముందే తెలుసు. మార్చలేదు. నా బండి నిన్ను మళ్ళీ మోసం చేసింది" అన్నాడు.

చుక్కమ్మ అలసిపోయి ఉంది. అయినా నవ్వింది.

"నేను బండిని నమ్మి రాలేదు మామా. నిన్ను నమ్మి వచ్చాను" అంది.

పుట్టమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "బెల్టు సంగతి నాక్కూడా చెప్పలేదు కదయ్యా నువ్వు! నా పుట్టతేనె ఒక కుండ పొయ్యి వెనక ఉందే, అడిగితే ఇవ్వనా? ఇంటికి పద, నీ పని చెప్తాను" అంది. అంది గాని, ఇంటికెళ్ళాక ఏమీ చెప్పలేదు. మోకాళ్ళకు పసుపు నూనె రాసింది. పొయ్యి వెనక కుండతో కొత్త బెల్టు వచ్చింది.

వానలు వెళ్ళాయి. చలి వచ్చింది. ఒక పొద్దున పలుకులమ్మ భల్లయ్య ఇంటి ముందు వాలింది. భల్లయ్య బానెట్ ఎత్తి, లోపల తలదూర్చి ఉన్నాడు.

"బాబాయిగారూ, నిజం చెప్పాలని వచ్చాను. కుందేలులాంటి వాళ్ళకు ఆ ప్లాను బాగానే ఉంటుంది. గుంటల్లో దూకించి సామాన్లు విరగ్గొట్టుకుంటారు. మీరు బండి విరగ్గొట్టుకునే రకం కాదు. అరగ్గొట్టుకునే రకం. రోజూ కొండెక్కుతారు కదా. ఆ రోజు మిమ్మల్ని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు" అంది.

"నేనూ నిన్ను అడగలేదులే తల్లీ" అన్నాడు భల్లయ్య. "పాట సగమే విన్నాను."

"మా అయ్యగారు ఇప్పుడు ఇంకో కొత్త ప్లాను పెట్టారు. పేరు మహా అభయం. అడిగి రమ్మన్నారు. అందుకని అడుగుతున్నాను."

భల్లయ్య తల బయటికి తీశాడు. ఈసారి నిదానంగా, ఒక్కో మాటే అడిగాడు.

"అది కొంటే ఈ బండి దారిలో ఆగదా?"

పలుకులమ్మ పాట పాడలేదు. తల అడ్డంగా ఊపింది. "ఆగదని చెప్పలేను బాబాయిగారూ."

"అయితే నాకు కావలసింది మీ షోరూములో లేదు తల్లీ. దాన్ని నేనే చూసుకోవాలి" అని భల్లయ్య మళ్ళీ బానెట్ కిందికి వంగాడు.

పిల్లలూ, పలుకులమ్మను ఉత్తచేతులతో పంపారనుకునేరు. గోరింక గూట్లో పిల్లలకని పుట్టమ్మ పుట్టలోంచి చెదపురుగులు ఆకుదొన్నె నిండా కట్టి ఇచ్చింది.

నీతి: హామీ కొనేముందు అది దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో అడగాలి, అంతకన్నా ముందు మన భయం దేనికో మనల్ని మనమే అడగాలి. ఎవరు ఏ హామీ ఇచ్చినా, మన జాగ్రత్తలో మనముండాలి.